ఎర్ర దీపం ఎదుట మనిషి

మన పట్టణాలలో ఏ సంకేత దీపం దగ్గరనైనా ఒక సాయంకాలం పది నిమిషాలు నిలబడి చూడండి. ఎర్ర దీపం వెలుగుతుంది. ఒక కారు తెల్ల గీత దగ్గర ఆగుతుంది. దానికి ఎడమ పక్క నుండి ఒక మోటారు సైకిలు, కుడి పక్క నుండి రెండు స్కూటర్లు ముందుకు వస్తాయి. వాటి నడుమ మిగిలిన సందులో ఒక షేర్ ఆటో తన ముందు చక్రాన్ని ఇరికిస్తుంది. అర నిమిషం గడిచేసరికి తెల్ల గీత ఎక్కడున్నదో కనబడదు. పచ్చ దీపం ఇంకా వెలగకముందే ముందు వరుస కదులుతుంది. చిట్టచివర ఉల్లి బస్తాల ట్రాక్టరు బయలుదేరి కూడలి నడుమకు చేరేసరికి అవతలి దారికి పచ్చ దీపం వచ్చి ఉంటుంది. ఇదంతా ముగిసేవరకు ఒక ముసలామె చేతి సంచితో రోడ్డు అంచునే నిలబడి ఉంటుంది.

ఆ దీపం ఎన్ని సెకన్లు వెలగవలెనో నిర్ణయించిన లెక్క ఒకటి ఉన్నది. ఆ లెక్కలో సామాన్యంగా ఈ దృశ్యం ఉండదు. అక్కడ వాహనాలన్నీ ఒకదాని వెనుక ఒకటిగా వరుస తీరి నిలుస్తాయి, పచ్చ దీపం చూచిన తర్వాతనే కదులుతాయి, పసుపు దీపం చూడగానే ఆగగలిగినవి ఆగుతాయి. లెక్కలోని మనిషికీ వీధిలోని మనిషికీ మధ్య ఇంత అంతరం ఉండగా ఆ దీపం మనకు న్యాయం చేస్తుందా? ఈ ప్రశ్నను మన కళాశాల విద్యార్థుల ముందు, పాలక సంఘం పెద్దల ముందు ఉంచుటకే ఈ వ్యాసం.

మేము ట్రాఫిక్ ఇంజనీర్లము కాము. ప్రతి దినమూ సైకిలు మీదనో, స్కూటరు మీదనో, షేర్ ఆటోలోనో కళాశాలకు వచ్చి పోయేవాళ్ళము. తొందరలో తెల్ల గీత దాటి నిలిచినవాళ్ళము కూడా. కాబట్టి ఇది ఇతరులను వేలెత్తి చూపే వ్యాసం కాదు.

సంకేత దీపం పుట్టుక నుండే మొదలు పెడదాం. 1868 డిసెంబరులో లండన్ నగరంలో పార్లమెంటు భవనం దగ్గర తొలి సంకేత స్తంభాన్ని నిలబెట్టారు. దాని దీపాలు గ్యాసుతో వెలిగేవి. పక్కనే ఒక పోలీసు నిలబడి వచ్చే బండ్లను చూచి దాని చేతులను ఎత్తేవాడు, దించేవాడు. 1869 జనవరిలో గ్యాసు పేలి ఆ పోలీసు గాయపడగా ఆ ప్రయోగం ఆగిపోయింది. ఆ స్తంభానికి ఎన్ని లోపాలున్నా ఒక గుణం ఉండేది. దానిని తిప్పేవానికి కళ్ళుండేవి.

మన చౌరస్తాలలో గొడుగు కింద నిలబడి చేయి చూపే కానిస్టేబులుకు కూడా ఆ కళ్ళున్నాయి. ఏ దారిన ఎంత రద్దీ ఉన్నదో ఆయనకు సూత్రం లేకుండానే తెలుసు. శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు ముగిసే వేళ తెలుసు. బడి వదిలే వేళ తెలుసు. బరువు బండి సగం దాటి ఉండగా అవతలి వారిని వదలరాదని తెలుసు. ముసలివారు కనబడితే అరచేయి అడ్డం పెట్టి నాలుగు దారులనూ ఆపగలడు. శాస్త్రజ్ఞులు గణిత నమూనా అని పిలిచేది అనుభవ రూపంలో ఆయన తలలోనే ఉన్నది. ఆయన స్థానంలో గడియారాన్ని పెట్టినప్పుడు మనం ఎండలో నిలబడే శ్రమను తప్పించాము, అది మంచిదే. ఆయన ఎరిగిన విషయాలను గడియారానికి నేర్పామా అన్నదే అసలు ప్రశ్న.

గడియారానికి లెక్క నేర్పినవారిలో ముఖ్యుడు ఇంగ్లండులోని రోడ్ రీసెర్చ్ లేబొరేటరీకి చెందిన ఎఫ్. వి. వెబ్‌స్టర్. 1958లో ఆయన ప్రకటించిన సూత్రం నేటికీ ప్రపంచమంతటా పాఠ్య పుస్తకాలలో ఉన్నది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1985లో సంకేత దీపాల కొరకు వెలువరించిన మార్గదర్శక సూత్రాలు కూడా దానినే ఆధారం చేసుకొన్నాయి. సూత్రం కష్టమైనది కాదు. దీపం ఒక చుట్టు పూర్తిగా తిరుగుటకు పట్టే కాలాన్ని ఆవృత్తి అందాం. ప్రతి ఆవృత్తిలోనూ ఆగుట, కదులుట, దారి మారుట అన్న పనులలో కొన్ని సెకన్లు వృథా అవుతాయి. ఆ వృథా కాలాన్ని ఒకటిన్నరతో గుణించి ఐదు కలపాలి. తర్వాత, ఒక్కొక్క దారిలో వచ్చే వాహనాలు ఆ దారి మోయగల గరిష్ఠ ప్రవాహంలో ఎంత భాగమో చూచి, ఆ భాగాలను కూడి, మొత్తాన్ని ఒకటి నుండి తీసివేయాలి. మొదటి సంఖ్యను రెండవ సంఖ్యతో భాగిస్తే ఆవృత్తి ఎన్ని సెకన్లు ఉండవలెనో వస్తుంది.

ఒక ఉదాహరణ వేసుకొందాం. వృథా కాలం 10 సెకన్లు, భాగాల మొత్తం 0.6 అనుకొందాం. పై సంఖ్య 20, కింది సంఖ్య 0.4, ఆవృత్తి 50 సెకన్లు. ఇప్పుడు వాహనాల లెక్కలో పొరపాటు జరిగి 0.6కు బదులు 0.8 అని వేశామనుకొందాం. కింది సంఖ్య 0.2 అవుతుంది, ఆవృత్తి 100 సెకన్లు అవుతుంది. లెక్కలో మూడవ వంతు పొరపాటు, ఎదురుచూపులో రెట్టింపు భారం! సూత్రం తప్పు కాదు. దాని చేతికి మనం అందించే సంఖ్యలే దాని గుణ దోషాలను నిర్ణయిస్తాయి.

ఆ సంఖ్యలు ఎక్కడి నుండి వచ్చాయి? వెబ్‌స్టర్ లెక్క ప్రకారం దారి వెడల్పులో ప్రతి మీటరుకు గంట పచ్చ కాలంలో 525 కార్లు సాగిపోతాయి. ఏడు మీటర్ల దారిలో 3,675 కార్లు, అంటే సుమారు సెకనుకు ఒకటి. అంతకుముందే 1947లో అమెరికాలో గ్రీన్‌షీల్డ్స్, ఆయన సహచరులు కూడళ్ళ దగ్గర కార్లు కదిలే తీరును కొలిచారు. మొదటి కారు బయలుదేరుటకు ఎక్కువ సేపు పడుతుంది. ఐదారు కార్లు పోయిన తర్వాత ప్రవాహం నిలకడ పొంది 2.1 సెకన్లకు ఒకటి చొప్పున సాగుతుంది. అంటే పచ్చ కాలపు తొలి క్షణాలు మందకొడివి, తర్వాతివి చురుకైనవి. వరుసలో నిలిచే కార్ల దేశంలో ఇది నిజం.

మన దగ్గర ఇది తలకిందులవుతుంది. మనకు తొలి క్షణాలే అత్యంత చురుకైనవి. సందులగుండా ముందుకు చేరిన ద్విచక్ర వాహనాలు గుంపుగా ఒక్కసారి విడుదలవుతాయి. వాటి వెనుక ఆటోలు, కార్లు, ఆపైన బస్సులు, లారీలు, ట్రాక్టర్లు. నీరు గులకరాళ్ళ సందులలో ఇంకిపోయినట్లు చిన్న వాహనాలు పెద్ద వాహనాల నడుమ ప్రవహిస్తాయి. వరుస అన్న భావనే ఇక్కడ అతకదు.

ఈ చిక్కును తప్పించుటకు అన్ని వాహనాలను కారు లెక్కలోకి మార్చే పద్ధతి ఒకటి ఉన్నది. పట్టణ రహదారుల సామర్థ్యం గురించి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన పట్టికను చూడండి. ద్విచక్ర వాహనం విలువ 0.5 లేదా 0.75. ఆటో విలువ 1.2 లేదా 2. ట్రాక్టరు ట్రైలరు విలువ 4 లేదా 5. ఆ రకం వాహనాల వాటా 5 శాతం ఉన్నప్పుడు మొదటి విలువ, 10 శాతమో అంతకు మించియో ఉన్నప్పుడు రెండవ విలువ. ఇప్పుడు 60 ద్విచక్ర వాహనాలు, 20 ఆటోలు ఉన్న గుంపును తీసుకొందాం. మొదటి విలువలతో అవి 54 కార్లకు సమానం, రెండవ విలువలతో 85 కార్లకు సమానం. వాహనాలు అవే, మనుషులు వారే, రోడ్డు అదే. పైగా ఈ విలువలు సాగుతున్న రహదారిని దృష్టిలో పెట్టుకొని ఇచ్చినవి. దీపం ముందు ఆగి ఒదిగి నిలిచినప్పుడు చిన్న వాహనం ఆక్రమించే చోటు ఇంకా తక్కువ. ఆటోలతో నిండిన మన పట్టణాలలో ఈ ఒక్క విలువను తప్పుగా ఎంచుకొంటే చాలు, పైన చెప్పిన 50 సెకన్ల ఆవృత్తి 100 సెకన్ల వైపు పరుగెత్తుతుంది.

ఈ లోటును మన దేశపు శాస్త్రజ్ఞులు గుర్తించకపోలేదు. న్యూఢిల్లీలోని కేంద్ర రహదారి పరిశోధన సంస్థ దేశంలోని అనేక విద్యాసంస్థలను కూడగట్టుకొని, మన రోడ్ల మీదనే కొలతలు తీసి, 2017లో భారతీయ రహదారుల సామర్థ్య గ్రంథాన్ని వెలువరించింది. ఏడు మీటర్లకంటె తక్కువ వెడల్పు గల దారికి మీటరుకు 525కు బదులు 630 అన్న విలువను అది ఇచ్చింది. కారు లెక్కలోకి మార్చే విలువలు కూడా అందులో వేరు కాబట్టి ఈ రెండు సంఖ్యలను నేరుగా పోల్చరాదు. అయినా ఒక పాఠం స్పష్టం. క్రమశిక్షణ లేనిదిగా కనబడే మన ప్రవాహం ఇరుకు దారిలో చోటును బాగా వాడుకొంటున్నది. మనుషులను ఉన్నది ఉన్నట్లుగా కొలిచిన తర్వాతనే ఈ మాట చెప్పుటకు వీలైంది. 1985 నాటి మార్గదర్శక సూత్రాల నుండి ఈ గ్రంథం వరకు 32 సంవత్సరాలు పట్టిందన్నది కూడా మరువరాదు.

కంప్యూటరు తెర మీద కూడలిని కల్పించి చూపే విధానాలదీ ఇదే కథ. వాటిలో ప్రసిద్ధమైన ఒక దానికి మూలం 1974లో జర్మనీలో వీడ్‌మన్ ప్రతిపాదించిన సిద్ధాంతం. ముందున్న బండి దగ్గరవుతున్నదని చోదకుని కంటికి ఎప్పుడు తోస్తుంది, అతడు ఎప్పుడు వేగం తగ్గిస్తాడు, ఎప్పుడు నిర్లక్ష్యం చేస్తాడు అన్న మానసిక హద్దులను ఆయన లెక్కలోకి తెచ్చాడు. యంత్రాన్ని గాక మనిషిని చూచిన గొప్ప ఆలోచన అది. అయితే ఆ హద్దులు ఒకని వెనుక ఒకడు పోయే జర్మను చోదకునివి. పక్క నుండి దూరే మన చోదకునికి వాటిని దిద్దుకోకుండా అతికిస్తే తెర మీద అందమైన బొమ్మ వస్తుంది, వీధిలో పాత తగాదాయే మిగులుతుంది.

ఇంతవరకు చెప్పినది ఆలస్యం గురించి. ప్రాణాల గురించి చెప్పవలసినది పసుపు దీపం దగ్గర ఉన్నది.

1960లో గాజిస్, హెర్మన్, మారదుడిన్ అన్న ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక చిన్న ప్రశ్న వేశారు. పసుపు దీపం చూచిన చోదకునికి ఆగుటకు గాని, దాటుటకు గాని నిజంగా వీలుంటున్నదా? గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చేవానిని ఊహించండి. సెకనుకు సుమారు 14 మీటర్లు. దీపం చూచి తేరుకొనుటకు ఒక సెకను, తర్వాత మామూలుగా బ్రేకు వేసి ఆగుటకు మరికొంత దూరం, అంతా కలిసి దాదాపు 46 మీటర్లు కావాలి. పసుపు దీపం 3 సెకన్లే వెలిగినచో ఆ వ్యవధిలో అతడు పోగలిగేది 42 మీటర్లు. గీతకు 44 మీటర్ల దూరంలో ఉన్నవాడు ఏం చేయాలి? ఆగితే గీత దాటి ఆగుతాడు, సాగితే ఎర్ర దీపంలో దూరుతాడు. అతడు ఏ నేరమూ చేయలేదు. ఆ దీపపు వ్యవధిని నిర్ణయించినవాడు అతనిని నేరస్థుని చేశాడు.

మన సీమలో ఈ సమస్య ఇంకా జటిలం. హైదరాబాదు నుండి బెంగుళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలును ఒరుసుకొని పోతున్నది. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు 40వ నంబరు రహదారి పోతున్నది. దూరప్రయాణపు వేగం కాలిలో నిలిచి ఉన్న చోదకుడు ఊరి అంచు కూడలికి వస్తాడు. అదే కూడలికి బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల నాపరాళ్ళు మోసే బండి వస్తుంది, మార్కెటు యార్డుకు పోయే ట్రాక్టరు వస్తుంది. కూడలిని దాటుటకు గీత నుండి 20 మీటర్లు పోవలెననుకొందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే మోటారు సైకిలు రెండు సెకన్లలో పూర్తిగా దాటుతుంది. ఎనిమిది మీటర్ల పొడవున్న ట్రాక్టరు, ట్రైలరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతే తోక బయటపడుటకు దాదాపు ఏడు సెకన్లు పడుతుంది. మోటారు సైకిలును చూచి దీపం మధ్య విరామాన్ని నిర్ణయిస్తే ట్రాక్టరు నడిమధ్యలో చిక్కుతుంది. ఆ చీకటి వేళ, వెనుక దీపం లేని ట్రైలరు కిందికి దూసుకొనిపోయే యువకుడు ఎవరి ఇంటి బిడ్డో మనం చెప్పనక్కరలేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి నలభై నలుగురికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయినవారే.

ఇక నడిచిపోయే మనిషి సంగతి. లెక్కలలో పాదచారి వేగం సామాన్యంగా సెకనుకు 1.2 మీటర్లు. 14 మీటర్ల రోడ్డును ఆ వేగంతో 12 సెకన్లలో దాటవచ్చు. మోకాళ్ళ నొప్పితో సెకనుకు 0.8 మీటర్లు నడిచే అమ్మకు పదిహేడున్నర సెకన్లు కావాలి. ఆ ఐదున్నర సెకన్లు లెక్కలో లేనందువలన ఆమె రోడ్డు నడుమ ఇరు వైపులా హారన్ల మధ్య నిలబడవలసి వస్తున్నది. చంకలో బిడ్డ ఉన్న తల్లికీ, ఊతకర్రతో మసీదుకు పోయే తాతకూ, పుస్తకాల సంచి మోసే పిల్లవానికీ ఇదే గతి. వాహనానికి విలువ కట్టే పట్టికలో హార్దికంగా ఒక్క గడినైనా వీరి కొరకు కేటాయించామా?

మనిషి నడవడి అంటే వేగం మాత్రమే కాదు, వేళ కూడా. సామాన్యంగా దీపాలకు ఉదయానికొక పద్ధతి, మధ్యాహ్నానికొక పద్ధతి, సాయంకాలానికొక పద్ధతి అమర్చుతారు. మన ఊళ్ళ వేళలు అంత సులభంగా ఒదగవు. శుక్రవారం మధ్యాహ్నం మసీదుల దారులలో అరగంట సేపు మరొక లోకం. రంజాన్ మాసంలో ఇఫ్తారుకు ముందు అందరూ ఒక్కసారే ఇంటి ముఖం పడతారు, రాత్రి తరావీహ్ తర్వాత బజారు మళ్ళీ నిండుతుంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 దినాలది కాబట్టి రంజాన్ ప్రతి ఏటా పది పన్నెండు దినాలు ముందుకు జరుగుతుంది. ఇంగ్లీషు క్యాలెండరు చూచి ఒక మాసానికి అమర్చిన పద్ధతి మూడేళ్ళు గడిచేసరికి నెల రోజులు తప్పుతుంది. కడపలో అమీన్‌పీర్ దర్గా ఉర్సు జరిగే దినాలలో కులమత భేదం లేకుండా జనం కదులుతారు. అట్లే ఉగాది ముందటి బజారు, వినాయక నిమజ్జనం, దసరా. ఏ కూడలికి ఏ పండుగ ఎట్లా వస్తుందో దూర నగరంలో కూర్చొని లెక్క వేసేవారికి తెలియదు. ఆ కూడలి దగ్గర చాయ్ దుకాణం నడిపేవానికి తెలుసు.

రోడ్డులో తీగ చుట్టలు పాతి, వచ్చే వాహనాలను బట్టి తనకు తానే మారే దీపాల విధానాలు 1970ల నాడే ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశాలలో రూపొందాయి. అవి కూడా మొదట వరుస తీరిన కార్లనే ఊహించుకొన్నవి. వరుసల నడుమ దూరే స్కూటరును పట్టలేని తీగ చుట్ట మన దగ్గర సగం జనాన్ని చూడలేదు. కెమెరాల ద్వారా చూచే నేటి విధానాలు ఈ లోటును కొంత తీర్చగలవు. అయితే కెమెరాకు కూడా ఎవరిని లెక్కించవలెనో చెప్పవలసినది మనమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. “చోదకుడు నియమం తప్పితే శాస్త్రం అతనికి వంగవలెనా? లెక్కను అవినీతికి అనుగుణంగా మార్చుతారా?” మా పెద్దలలో కొందరు ఈ ప్రశ్న అడిగారు. ప్రశ్న న్యాయమైనది. దీనికి మా సమాధానమే ఈ వ్యాసపు సారాంశం.

నడవడిలో రెండు రకాలున్నాయి. ఒకటి అవసరం వలన కలిగేది. ట్రాక్టరు మెల్లగా కదలడం, ముసలామె నిదానంగా నడవడం, చిన్న వాహనం సందులో ఒదగడం, నమాజు వేళ జనం గుమికూడడం, ఇవి దోషాలు కావు. ఇవి మన జీవితం. వీటిని లెక్కలోకి తీసుకోని నమూనా అసత్యం చెప్పుతున్నది. రెండవది తొందర వలన కలిగేది. పచ్చ దీపానికి ముందే ఉరకడం, ఎదుటివారు కదలకముందే అడ్డంగా కుడి వైపు తిరిగిపోవడం, ఎదురు దారిలో రావడం, ఇవి దోషాలే. వీటిని కూడా నమూనా చూడాలి, కాని వేరే ఉద్దేశంతో చూడాలి. మొదటి దానికి చోటివ్వడానికి, రెండవ దానిని అరికట్టడానికి. ముందుగా ఉరికేవారి వలన ఎక్కువ వాహనాలు దాటుతున్నవి కదా అని ఆ ఉరుకును దారి సామర్థ్యంలో కలిపి లెక్కిస్తే, మనం నేరాన్ని నియమంగా మార్చినట్లవుతుంది.

ఈ రెండింటినీ విడదీయడం సులభం కాదు. దీపం పక్కన మిగిలిన సెకన్లను చూపే అంకెలనే తీసుకోండి. చెన్నై నగరంలో ఆ అంకెల ప్రభావాన్ని పరిశోధకులు కొలిచి 2009లో ప్రకటించారు. అంకెలు ఉన్నప్పుడు చోదకులు ముందే సిద్ధపడినందున బయలుదేరుటలో వృథా అయ్యే కాలం తగ్గింది. పచ్చ కాలం ముగియబోయే వేళ వాహనాల మధ్య ఎడమూ తగ్గింది. ఎదురుచూచేవానికి ఓర్పునిచ్చే అంకె పరుగెత్తేవానికి తొందరనూ ఇస్తున్నదన్న మాట. లాభం కొలిచే లెక్క వేరు, అపాయం కొలిచే లెక్క వేరు. రెండూ వేయకుండా అంకెలు పెట్టడం గాని, తీయడం గాని తగదు.

నియమ భంగంలో కొంత భాగం నియమం చేసినవారి లోపం వలన పుడుతుందని కూడా ఒప్పుకోవాలి. అవతలి దారిలో ఒక్క వాహనమూ లేకపోయినా తొంబై సెకన్లు ఆపే ఎర్ర దీపం మనిషికి నేర్పే పాఠం ఒక్కటే, దీపానికి బుద్ధి లేదని. ఆ పాఠం నేర్చినవాడు మరునాడు బుద్ధి ఉన్న దీపాన్ని కూడా నమ్మడు. దీపం మాట నిలుపుకొంటేనే మనిషి గీత దగ్గర నిలుస్తాడు. హైదరాబాదు నగర పోలీసులు 2022 అక్టోబరులో ఆగు గీత దాటినవారికి 100 రూపాయలు, ఎడమ వైపు స్వేచ్ఛగా పోయే దారికి అడ్డం నిలిచినవారికి 1,000 రూపాయలు జరిమానా విధించే కార్యక్రమాన్ని ఆరంభించారు. నియమాన్ని గట్టిగా అమలు చేయడం అవసరమే. జరిమానాతో పాటు చోటు కూడా చూపితే అది ఇంకా న్యాయం. తైవాన్ దేశంలో కూడళ్ళ దగ్గర కార్ల గీతకు ముందు ద్విచక్ర వాహనాలు నిలుచుటకు రోడ్డు మీద ప్రత్యేకంగా గళ్ళు గీస్తారు. ముందుకు చేరే స్వభావాన్ని వారు నిందించలేదు, దానికి హద్దు గీశారు. అవసరానికి చోటు, తొందరకు కట్టడి అన్న మా మాటకు ఇది చక్కని నిదర్శనం.

కాబట్టి మేము కోరేది ఇది. కర్నూలు, కడప పట్టణాలలో దీపాలను అమర్చే ముందు, అమర్చినవాటిని సవరించే ముందు, ఆ కూడలిలోనే మనుషులను, వాహనాలను రకం వారీగా లెక్కించాలి. మామూలు దినం ఒకటి, శుక్రవారం ఒకటి, పండుగ ముందటి దినం ఒకటి. కడప ఏడురోడ్ల కూడలి పేరులోనే ఏడు దారులున్నాయి. నాలుగు దారుల కూడలికి వ్రాసిన పాఠం అక్కడ యథాతథంగా చెల్లుతుందా అన్నది కొలిచి తేల్చవలసిన విషయం. దీపాల మధ్య విరామాన్ని అత్యంత మెల్లని బండిని చూచి, పాదచారుల వ్యవధిని అత్యంత నిదానంగా నడిచేవారిని చూచి నిర్ణయించాలి. ఏళ్ళ తరబడి కూడలిలో నిలబడిన కానిస్టేబులు మాటను ఆ లెక్క వేసేవారు ఒకసారి కూర్చొని వినాలి.

ఇందులో మన కళాశాల చేయగల పని ఉన్నది. గణితం, భౌతిక శాస్త్రం, గణాంక శాస్త్రం చదివే మన విద్యార్థులకు వెబ్‌స్టర్ సూత్రం కొండంత బరువు కాదు. ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు నాలుగు గుంపులుగా విడిపోయి, గడియారం, కాగితం, పెన్సిలు పట్టుకొని మూడు దినాలు ఒక కూడలిలో నిలబడితే చాలు. ఆ లెక్కలను తెలుగు, ఉర్దూ భాషలు రెండింటిలోనూ వ్రాసి పురపాలక అధికారులకు సమర్పించవచ్చు. పాలక సంఘం పెద్దలు దీనికి అనుమతి, ప్రోత్సాహం ఇవ్వవలెనని సవినయంగా కోరుతున్నాము. పరీక్షలో మార్కుల కొరకు నేర్చిన భిన్నాలు ఒక ముసలామెకు ఐదున్నర సెకన్లు సంపాదించి పెట్టగలిగితే, అంతకంటె చదువుకు సార్థకత ఏమున్నది?

విద్యార్థి మిత్రులారా! దీపం మనలను అర్థం చేసుకోవలెనని ఇంతసేపు వాదించాము. మనం కూడా దీపాన్ని అర్థం చేసుకోవలసి ఉన్నది. ఉర్దూలో ‘సబర్’ అన్న మాట ఉన్నది, ‘ఇన్సాఫ్’ అన్న మాట ఉన్నది. మనం తెలుగులో ఓర్పు అంటాము, న్యాయం అంటాము. మన ఊళ్ళలో ఈ నాలుగు మాటలూ అందరికీ తెలుసు. ఇన్సాఫ్ చూపని దీపం సబర్‌ను అడిగే అర్హత కోల్పోతుంది. సబర్ లేని చోదకుడు ఇన్సాఫ్‌ను అడిగే అర్హత కోల్పోతాడు. లెక్క సరిదిద్దే పని అధికారులకు, శాస్త్రజ్ఞులకు వదిలినా, గీత దగ్గర ఆగే పని మన చేతిలోనే ఉన్నది. రేపు ఉదయం కళాశాలకు వచ్చేటప్పుడు ఆ తెల్ల గీత వెనుక మన ముందు చక్రాన్ని నిలుపుదాం. రోడ్డు అంచున నిలబడిన ఆమె దాటిపోయేవరకు ఆగుదాం.